సర్కారుకు అప్పిచ్చిన లస్కరు

ముప్పైమూడేళ్లు కాలువల ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి నేను నేర్చుకున్నది ఒకటే. ప్రభుత్వం దగ్గర మనం అప్పు తీసుకోవాలంటే ఇద్దరు జామీనుదారులు కావాలి, నాలుగు సంతకాలు కావాలి. మన దగ్గర ప్రభుత్వం అప్పు తీసుకోవాలంటే ఆ సంగతి మనకు తెలియాల్సిన పని కూడా లేదు. ఏ ప్రభుత్వం అని అడగకండి. నా సర్వీసులో బోర్డుల మీద పేర్లు చాలాసార్లు మారాయి, ఈ అలవాటు మాత్రం ఎవరూ మార్చుకోలేదు. ఇందులోని కిటుకు ఆనందం అనే మనిషికి విడమరిచి చెప్పింది నేనే. చెప్పకుండా ఉండాల్సింది.

ఆనందం కర్నూలు-కడప కాలువ మీద లస్కరు. లస్కరు అంటే తూము తలుపులు ఎత్తి దించేవాడు, గట్టుకు గండి పడితే ముందు పరిగెత్తేవాడు, రైతులు కొట్టుకుంటే మధ్యలో దెబ్బలు తినేవాడు. మైదుకూరుకు ఆరు కిలోమీటర్ల అవతల అతని తూము. దానికి దిగువన శేషన్న అనే ఇంకో లస్కరు తూము. పొద్దున్నే ఇద్దరూ ఫోన్లో పలకరించుకునేవాళ్లు. ఆరోగ్యం ఎలా ఉందని అడగరు, తలుపు ఎన్ని చుట్లు తిప్పావని అడుగుతారు. పైవాడు రెండు చుట్లు ఎక్కువ తిప్పాడంటే కింది ఆయకట్టుకు మిగిలేది బురదే.

ఒక ఏడాది నీళ్లు సరిగా రాలేదు. ఆ రెండు చుట్ల కోసం ఒక రైతు ఆనందం ఇంటికి బస్తా వడ్లు పంపాడు. ఆనందం ఆ బస్తాను సైకిలు మీద వేసుకుని తోసుకుంటూ పోయి ఆ రైతు వాకిట్లోనే దించి, అవి తన నీళ్లు కావనీ, కింద శేషన్న నీళ్లనీ చెప్పి వచ్చాడు. ఆ రైతు మా చిన్నాయన. ఇప్పటికీ ఆనందం పేరెత్తితే చేతకానివాడు అంటాడు. మా ఇళ్లలో నిజాయితీకి వాడుకలో ఉన్న మాట అదే.

ఆనందం జీతంలోంచి నెలనెలా కొంత సొమ్ము పీఎఫ్ అనే భవిష్యనిధి కింద పట్టుకునేవారు. పట్టుకునేవారు అని మర్యాదకు అంటున్నాను గానీ, ఆ బిల్లు రాసింది నేనే. మొదట్లో నెలకు వంద, చివర్లో ఐదువేలు. ఏడాదికోసారి నిల్వ ఇంత, వడ్డీ ఇంత అని ఒక చీటీ వచ్చేది. ముప్పైయొక్క ఏళ్లలో ముప్పైయొక్క చీటీలు. ఆనందం వాటిని ట్రంకుపెట్టెలో, చర్చి సంఘం వాళ్లు పెళ్లికిచ్చిన బైబిలు కింద వరసగా పెట్టుకున్నాడు. అన్నీ కలిపి తొమ్మిది లక్షల పైచిలుకు అయింది. ఎక్కడో ఒక గట్టి ఇనప్పెట్టెలో తన పేరు రాసిన అర ఒకటి ఉందని అతని నమ్మకం.

రిటైరయ్యాక ఉండడానికి బద్వేలు రోడ్డులో రెండున్నర సెంట్ల స్థలం కొని గోడలు లేపాడు. ఇన్నాళ్లూ ఉన్నది గట్టు మీద ప్రభుత్వం ఇచ్చిన రెండు గదుల్లో. ఉద్యోగం అయిపోయిన రోజే ఆ గదులూ అయిపోతాయి. గోడలు తలుపుల ఎత్తు దాటేసరికి చేతిలో ఉన్నది ఖర్చయిపోయింది. పైన స్లాబు వేయాలి. అప్పటికి రిటైరయ్యే రోజుకు, అంటే సెప్టెంబరు ఆఖరుకు, ఇంకా ఆరు నెలలుంది గనక, భవిష్యనిధిలోంచి నాలుగు లక్షలు ఇప్పించమని ఉగాది వెళ్లిన వారానికే నా దగ్గరికి వచ్చాడు.

తన డబ్బు తాను తీసుకోవడానికి ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసిచ్చాను. ఎందుకు కావాలో కారణం చూపాలి. స్థలం దస్తావేజు నకలు, ఇంజనీరు వేసిన అంచనా, గోడల ఫోటోలు ముందునుంచి రెండు, పక్కనుంచి ఒకటి, ఇదివరకు ఇలా తీసుకోలేదని ధ్రువపత్రం. ఆ డబ్బును ముప్పైయొక్క ఏళ్లుగా వాడుకున్న ప్రభుత్వాన్ని మాత్రం ఎవరూ ఒక్క ఫోటో అడగలేదు. ఆనందం పదిహేను రోజుల్లో అన్నీ తెచ్చాడు. ఫోటోలో గోడ పక్కన అతని భార్య జ్ఞానమణి కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది. గోడ నిజమైనదేనని నమ్మించడానికి అట్లా నిలబడిందట.

మంజూరైంది. బిల్లు పాసైంది. కంప్యూటర్లో దాని పక్కన పచ్చ గుర్తు కూడా పడింది. డబ్బు తప్ప అన్నీ వచ్చాయి. మే పోయింది, జూన్ పోయింది. జూలైలో ఒకరోజు ఆనందం ఆఫీసుకు వచ్చి, ఎవరి మీదా కోపం లేకుండా, తన డబ్బు ఎక్కడ ఆగిందని అడిగాడు. ఆ రోజు నాకు పనిలేదు, పైగా తెలివితేటలు చూపించాలన్న దురద ఒకటి. కుర్చీ చూపించి మొదలుపెట్టాను.

ఇనప్పెట్టె లేదని చెప్పాను. అతని పేరుతో అర అంతకన్నా లేదని చెప్పాను. నెలనెలా పట్టుకున్న సొమ్ము ఎక్కడికో పోయి కూర్చోదు, అసలు ప్రభుత్వం చేతిలోంచి బయటికే రాదు. దాన్ని ఏరోజుకారోజు దేనికి కావాలంటే దానికి వాడేస్తారు. రోడ్డుకు కావచ్చు, మంత్రిగారి శంకుస్థాపన షామియానాకు కావచ్చు, పోయిన నెల జీతాలకూ కావచ్చు. వాడుకున్నంత సొమ్ముకు, ఫలానా ఆనందానికి ఇంత ఇవ్వాలి అని ప్రభుత్వం తనకు తానే ఒక చీటీ రాసుకుంటుంది. దాని మీద వడ్డీ కూడా తానే వేసుకుంటుంది. ఆ వడ్డీనీ డబ్బుగా ఇవ్వదు, అదే చీటీలో కలిపి రాస్తుంది. బయటి బ్యాంకులో అప్పుచేస్తే నలుగురూ అడుగుతారు, ఇంట్లోవాళ్ల సొమ్ము వాడుకుంటే అడిగే దిక్కుండదు. చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదని కూడా చెప్పాను. అది నిజం. అదే ఇందులో ఉన్న అసలు గొప్పతనం.

ఆనందం చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు. కోప్పడతాడేమో అనుకున్నాను.

"అంటే సార్, ఇన్నేండ్లూ గవర్నమెంటుకు అప్పిచ్చింది నేనా?" అన్నాడు.

నువ్వూ, నీలాంటి కొన్ని లక్షల మందీ అన్నాను.

"పాపం, దానికి ఎంత ఇబ్బంది ఉంటే నా అట్లాటోని కాడికి వచ్చింటాది. మెల్లగా ఇయ్యనీలే సార్."

ఆ రోజు నుంచి ఆనందం నడకే మారింది. అప్పిచ్చిన పెద్దమనిషి మర్యాద వచ్చింది అతనికి. తూము తలుపు తుప్పుపట్టినా, జీపు డీజిలు లేక ఆగిపోయినా, పోనీలే చేతిలో లేదు పాపం అనేవాడు. నేను ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సెప్టెంబరు ఆఖరు రోజున ఆనందానికి శాలువా కప్పి గోడగడియారం ఇచ్చాం. గడియారం తగిలించుకోవడానికి గోడ ఉంది, గోడ మీద కప్పు లేదు. మర్నాడే గదులు ఖాళీచేసి, మొండిగోడల మీద నీలం టార్పాలిను కట్టి భార్యాభర్తలు అందులోకి మారారు. అక్టోబరులో తుపాను వాన పట్టింది. మా కరువు సీమలో వాన పడితే పండగ చేసుకుంటారని అంటారు గానీ, ఆ పండగ టార్పాలిను కింద కూర్చుని చేసుకోవాలి. గోడగడియారం లోపలికి నీళ్లుపోయి నాలుగున్నర దగ్గర నిలిచిపోయింది.

పింఛను కాగితాలు ఒక సంతకం కోసం ఇంకో ఊరికి పోయాయి, రాలేదు. జీతం ఆగింది, పింఛను మొదలుకాలేదు. ఇన్నాళ్లూ ప్రభుత్వోద్యోగి గనక ఇంట్లో బియ్యం కార్డు లేదు. ఉన్న చిల్లర సిమెంటు కొట్టుకు కట్టేశాడు. నవంబరు వచ్చేసరికి ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడింది. నాతో ఒక్కమాట అన్నాడా అంటే, లేదు. అప్పిచ్చినవాడు చెయ్యిచాపితే బాగుండదు కదా.

ఆ ఇంట్లో ఇంకో బియ్యం డ్రమ్ము ఉంది. దాని సంగతి చెప్పాలి. వాళ్ల సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరున పక్కన కుండలో వేస్తుంది. పూటకు పిడికెడు. ఇంట్లో ఎంతమంది ఉన్నా, ఎంత తక్కువ వండినా ఆ పిడికెడు ఆగదు. నెల మొదటి ఆదివారం అందరూ తెచ్చి ఒక రేకు డ్రమ్ములో పోస్తారు. సంఘంలో దిక్కులేని ఆడవాళ్లు నలుగురికి ఆ మరుసటి ఆదివారం కొలిచి పంచుతారు. స్త్రీల మైత్రి సంఘానికి జ్ఞానమణి పెద్ద గనక ఆ డ్రమ్ము ఆమె దగ్గరే ఉంటుంది. మూతకు తాళం కూడా వెయ్యరు. దేవుడి బియ్యానికి తాళం ఏమిటని వాళ్ల ఉద్దేశం.

డిసెంబరులో పంపకం ఆదివారానికి నాలుగు రోజులుందనగా ఆనందం నాకు ఫోన్ చేశాడు. సార్, గవర్నమెంటు చీటీ రాసుకుంటాదని చెప్పినారు గదా, అది ఎట్ల రాస్తారు అని అడిగాడు. నేను సరదాకు అడుగుతున్నాడనుకుని ఆఫీసు భాషలో చెప్పాను. 'పై మొత్తం అత్యవసర నిమిత్తం వాడుకోబడినది. వడ్డీతో సహా తిరిగి జమచేయబడును. హక్కుదారుకు ఎట్టి నష్టమూ లేదు.' రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు.

జ్ఞానమణి వద్దని ఎంతో చెప్పిందట. పస్తులుందాం గానీ ఆ మూత తియ్యొద్దని అంది. ఆనందం తీశాడు. ఆరు సేర్లు కొలిచి తీసుకుని, నోటుబుక్కు కాగితం మీద ఆ మూడు వాక్యాలూ రాసి, కింద సంతకం పెట్టి డ్రమ్ములో వేశాడు. దొంగతనం కాదు కదా, కాగితం ఉంది. ఇంత పెద్ద ప్రభుత్వం చేసేదే ఇంత చిన్న కొంపలో తానూ చేస్తున్నాడు. తప్పెట్లా అవుతుంది? ఆ నాలుగు రోజులూ జ్ఞానమణి అన్నం వండింది, పిడికెడు తీసి పక్కన పెట్టింది, తాను మాత్రం గంజి తాగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో పంపకం మొదలైంది. ముగ్గురికి కొలిచేసరికి డ్రమ్ము ఖాళీ అయింది. నాలుగో ఆమె సోమక్క. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు ఆ కాలువ పూడికతీతలోనే మట్టి తట్టలు మోసింది. ఆమె చేతిసంచి తెరిచి పట్టుకుని నిలబడింది. ఆనందం ముందుకొచ్చి చీటీ తీసి ఆ సంచిలో వేశాడు. ఆమె బియ్యం ఎక్కడికీ పోలేదనీ, తన ఖాతాలో భద్రంగా ఉన్నాయనీ, వడ్డీతో ఎనిమిది సేర్లు ఇస్తాననీ నేను చెప్పినంత చక్కగా చెప్పాడు. సోమక్క ఆ కాగితం తీసి అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదువు రాదు.

"ఇది ఎసట్లో ఏస్తే అన్నం అయితాదా ఆనందం?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. అతను ఏదైనా కొత్త పథకం తెచ్చాడేమో అనుకుంది.

పాస్టరు ప్రేమయ్య చేతిలోని కీర్తనల పుస్తకంలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మిగిలిన ముగ్గురు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమ సంచుల్లోంచి తలా కొంచెం సోమక్క సంచిలో పోశారు. జ్ఞానమణి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఇంటికి నడిచింది. వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు. ఆనందం వరండాలో ఖాళీ డ్రమ్ము దగ్గర చాలాసేపు ఒక్కడే నిలబడ్డాడని ప్రేమయ్య తర్వాత నాతో చెప్పాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఆనందం మైదుకూరులో ఉల్లిగడ్డల మండీకి పోయాడు. అరవై రెండేళ్ల వయసులో బస్తాల మూతులు కుట్టే పనికి కుదిరాడు. అదే మండీలో సరుకు అమ్ముకోవడానికి వచ్చిన మా చిన్నాయన అతన్ని చూసి, నేను అప్పుడే చెప్పినాను గదా అని నాకు ఫోన్ చేసి సంతోషపడ్డాడు. తొమ్మిది రోజుల కూలితో ఇంటికింత, సోమక్కకింత బియ్యం కొన్నాడు. ఎనిమిది సేర్లు సోమక్క ఇంటికి మోసుకుపోయి ఆమె చూస్తుండగా కొలిచాడు. ఆమె బొడ్డుసంచిలోంచి మడతపెట్టిన ఆ చీటీ తీసి, ఇంగ దీనితో పనిల్యా, చించెయ్ అని అతని చేతిలో పెట్టింది. చించేశాడు. ఆ చించడంలో ఎంత సుఖముందో నాతో చెప్పాడు. తన దగ్గర ముప్పైయొక్క చీటీలున్నాయి, ఒక్కటైనా చించే భాగ్యం కలగలేదు.

అప్పుడుగానీ అతనికి కోపం రాలేదు. జనవరిలో ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, నన్ను వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు. మా వంతు మూడు గంటలకు వచ్చింది. కుర్చీలోని అధికారి మంచివాడే, కూర్చోమన్నాడు. కంప్యూటరు చూసి, మీ డబ్బు ఎక్కడికీ పోదు, ఖాతాలో భద్రంగా ఉంది, వడ్డీ కూడా పడుతూనే ఉంది, మీకెలాంటి నష్టమూ లేదు అన్నాడు. ఒక్క అక్షరం పొల్లు పోకుండా నా చీటీలోని భాషే.

ఆనందం కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడే చెప్పాడు. "సార్, నేనూ సోమక్కకు ఇదే చెప్పినా. భద్రంగా ఉండాయి అన్నా, వడ్డీ ఇస్తా అన్నా. ఆయమ్మ ఆ కాగితం ఎసట్లో ఏస్తే ఉడుకుతాదా అని అడిగింది. తొమ్మిది దినాలు నాకు కూడు సయించల్యా సార్. మీకు ఎట్ల సయిస్తాండాదో చెప్పండి, నేనూ నేర్చుకొంటా."

ఆయనకు సోమక్క ఎవరో తెలియదు. అయినా కలం కింద పెట్టాడు. తర్వాత అర్జీకి ముద్రవేసి ఒక నంబరు ఇచ్చాడు. ఇంటికొచ్చి ఆనందం ఆ నంబరు కాగితాన్ని కూడా ట్రంకుపెట్టెలో బైబిలు కింద పెట్టాడు, ముప్పైరెండోది.

ఫిబ్రవరి ఆఖరులో డబ్బు పడింది. అర్జీ వల్లనా, ఆ ముందువారమే ప్రభుత్వం బయట కొత్త అప్పు తేవడం వల్లనా, ఎవరికీ తెలియదు. ఆనందం ఫోన్ పట్టుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, అంకె నిజమేనా చూడమన్నాడు. నాలుగు లక్షలు, నిజమే. మిగతాది ఇంకా చీటీలోనే ఉంది. టీ తాగాక ఒక ప్రశ్న వేశాడు.

"నావి ఎప్పుడో వాడేసినారంటిరి గదా సార్. మరి ఇవి ఎవరివి?"

అబద్ధం చెప్పే అవకాశం నాకుంది. తెలివి ప్రదర్శించే రోగం మాత్రం ఇంకా తగ్గలేదు. ఇంకా సర్వీసులో ఉన్నవాళ్ల జీతాల్లో మొన్న ఒకటో తారీకున పట్టుకున్నవి అయ్యుంటాయి అన్నాను. చాలకపోతే బజారులో అప్పు తెచ్చి కలుపుతారు, ఆ అప్పు తీర్చడానికి మళ్లీ ఇక్కడే పట్టుకుంటారు అన్నాను. అతను గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

మార్చి మొదటివారంలో స్లాబు వేశారు. కంకర కలిపే మిషను తెల్లవారకముందే వచ్చింది. ప్రేమయ్య ప్రార్థన చేశాడు, సోమక్కను కుర్చీ వేసి ముందు వరసలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి పని అయిపోయి కూలీలకు మాంసం, అన్నం వడ్డిస్తుండగా శేషన్న మోటారుసైకిలు మీద వచ్చాడు. ఆనందాన్ని కావలించుకున్నాడు. తాను కూడా పోయిన నెలే భవిష్యనిధికి అర్జీ పెట్టానని చెప్పాడు. కూతురు హర్షిణి నర్సింగు చదువుతోంది, రెండేళ్ల ఫీజు ఒకేసారి కట్టమంటున్నారు, జూన్‌లోగా మూడు లక్షలు కావాలి. "బిల్లు పాసయింది, పచ్చ గుర్తు కూడా పడిందప్పా. నీకు వచ్చినాయి గదా, ఇంగ నాకూ వస్తాయిలే" అన్నాడు. ఆనందం అతనికి విస్తరి వేసి, మాంసం రెండుసార్లు వడ్డించాడు. ఒక్కసారి కూడా అతని మొహం వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆనందం నిచ్చెనెక్కి స్లాబు మీద ఉన్నాడు. స్లాబు పగలకుండా పైన మట్టితో మడులు కట్టి నీళ్లు నిలుపుతారు. అతను కట్టిన మడులు చూడాలి, అన్నిటిలో నీళ్లు సమానంగా ఉన్నాయి. ఒక మడిలోంచి కింది మడిలోకి చిన్న కాలువ తీసి, చేత్తో అడ్డంపెట్టి వదులుతున్నాడు. నేనూ నిచ్చెనెక్కుతూ, ఇల్లు బాగా కుదిరిందప్పా అన్నాను. తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"ముప్పైయొక్కేండ్లు శేషన్న నీళ్లు నేను ముట్టుకోల్యా సార్. ఇప్పుడు ముట్టుకొన్నా."

నేను నిచ్చెన మీదే ఆగిపోయాను. శేషన్నకు ఇంకా డబ్బు పడలేదు.